పుడిసెడు పాలు

బహదూర్‌పురాలోని మా నాన్న పశువుల కొట్టం నుంచి ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగానికి 11.4 కిలోమీటర్లు. పాలు పితకడం ఉదయం 4:10కి మొదలై 5:40కి ముగుస్తుంది. టోకెన్ల వరుస 6:30కి మొదలవుతుంది. అక్కడి బస్తీ దవాఖానలో కంటి డాక్టరు లేరు కనుక ఈ సమయాలను ఒకదానికొకటి అతికించడం నా పని అయింది.

నాన్నకు చాలా ఏళ్లుగా షుగరు. కుడికంటి వెనక పొర ఊడుతోందనీ, త్వరగా ఆపరేషన్ చేయకపోతే ఆ కంట చూపు మిగలదనీ చెప్పారు. పరగడుపున షుగరు రెండు వందల లోపు ఉంటేనే చేస్తారట. మొదటిసారి 226 వచ్చింది.

"ఏమన్న తిన్నవా, తాగినవా బాపు?" అని నర్సు అడిగింది.

"ఏం లేదమ్మా. రాత్రి రెండు రొట్టెలు, గంతే."

"మరి గింత షుగర్ ఏడికెళ్లి వచ్చింది? దిండు కింద జిలేబీ గిట్ల దాస్తున్నవా?"

వెనకున్నవాళ్లు నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. వరుసలో ఇంకా వంద మందికి పైగా ఉన్నారు. మరో ప్రశ్నకు ఆమెకు తీరిక లేదు. ఇరవై ఒక్క రోజుల తర్వాతి తేదీ రాసిచ్చింది.

నేను ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో కొలత పరికరాల కచ్చితత్వం సరిచూస్తాను. అందుకే నా అనుమానం ముందు యంత్రం మీదికే పోయింది. రెండోసారి మా ఇంటి గ్లూకోమీటరు వెంట తీసుకెళ్లాను. వాళ్లది 219, నాది 215. యంత్రంలో దోషం లేదు. మాత్రల మోతాదు పెంచారు. మూడోసారి 211. మళ్లీ ఇరవై ఒక్క రోజులు.

నాలుగో తేదీకి ముందురోజు సంతోష్‌నగర్‌లోని మా ఇంటి నుంచి వచ్చి నాన్న దగ్గరే పడుకున్నాను. తెల్లవారుజామున కొట్టంలోకి వెళ్లేసరికి ఆయన మొదటి బర్రె పాలు అరచేతి పుడిసిట్లోకి వంచుకుని తాగుతున్నాడు.

"ఏంది బాపు గది?"

"ఏముంది, పాలు. ఉప్పగుంటె పొదుగు వాసినట్టు. సూడకుంట మందికెట్ల పోస్త?"

"అన్ని బర్రెలయి తాగుతవా?"

"ఆరిటియి. నలభై ఏండ్లసంది గిదే."

"దవాఖానల ఏం తాగలేదంటివి గద."

"తాగుడేంది బిడ్డా, గిది పని."

పుడిసెడంటే సుమారు నలభై మిల్లీలీటర్లు. ఆరింటికి రెండు వందల నలభై. ఆయన ఒక్కసారీ అబద్ధమాడలేదు. ఆయన తెల్లవారుజాము ఎలా గడుస్తుందో ఆసుపత్రి అడగలేదు. కూతుర్నయి ఉండి నేనూ అడగలేదు. మిగిలిన ఐదింటి పాలు ఆ పూట నేను రుచి చూశాను.

షుగరు 183 వచ్చింది. డాక్టరు చాలాసేపు కంట్లోకి చూశారు.

"పొర మొత్తం ఊడింది పెద్దాయనా. ఈ కంటికి ఇగ చేసేదేం లేదు."

"మరి రెండోది?" అన్నాడు నాన్న.

"దాన్ని కాపాడుకోవాలె."

అరవై మూడు రోజులు. నాలుగుసార్లు రానుపోను 91.2 కిలోమీటర్లు. ఆటోలకు రెండు వేల ఎనిమిది వందల రూపాయలు. నాకు నాలుగు రోజుల జీతం కోత. ఆ తర్వాత ఒంటికంటితో దూరం అంచనా దొరక్క నాన్న కొమ్ము తగిలించుకున్నాక అమ్మేసిన బర్రెలు రెండు. కుడి కన్ను ఒకటి.