హాల్వర్సన్ గారి కారు చేసే చప్పుళ్లు

ఆరిన్ హాల్వర్సన్ ఈ లోకంలో చేసిన ఆఖరి మామూలు పని, కార్ల షోరూంలో సర్వీసు కౌంటరు మీద మోచేతులు ఆనించి, బుగ్గలు పూరించి, "గుటుక్... గుటుక్... స్‌స్‌స్... కీఁచ్!" అనడం. డబ్బాలో చిక్కుకున్న ఉడుత మీద ఎవరో పొరపాటున కూర్చున్నట్టుంది ఆ చప్పుడు. పక్కన పత్రిక తిరగేస్తున్న ఒకావిడ లేచి దూరంగా వేరే కుర్చీలోకి మారింది. ఆ వారాంతమే ఆయన ఇంట్లో, టీవీలో హాకీ చూస్తూ, ఎవరు గెలుస్తారో తెలియకుండానే వెళ్లిపోయాడు.

ఆయనకున్న విచిత్రం అదొక్కటే. ఆయన కారు చప్పుళ్లు చేసేది. ఆ చప్పుళ్లు ఆయన నోట్లో తప్ప ఇంకెక్కడా వినపడేవి కావు.

కౌంటరు వెనక మార్లిస్ ఉండేది. కారు యజమానికీ మెకానిక్కుకీ మధ్య నిలబడి ఇద్దరి చేతా చీవాట్లు తినే ఉద్యోగం ఆమెది. అమెరికాలో, ఉత్తర విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్లో, ఏడాదిలో సగం రోజులు రోడ్ల మీద మంచు, మిగిలిన సగం ఆ మంచు మీద చల్లిన ఉప్పు. కార్లు తుప్పు పట్టడానికి దేవుడూ మున్సిపాలిటీ కలిసి పనిచేసే చోటు. అందుకని జనం సర్వీసుకి వస్తూనే ఉంటారు. ఆరిన్ మాత్రం అందరికన్నా ఎక్కువగా వచ్చేవాడు.

"ఆయిల్ మార్చాలి" అనేవాడు.

"హాల్వర్సన్ గారూ, కిందటి నెలేగా మార్చాం! అద్దం మీద చీటీ కూడా అంటించాం. ఇంకా వసంతం దాకా అక్కర్లేదు."

"చీటీకేం తెలుసమ్మా చలి సంగతి?"

మెకానిక్ ఆయిల్ దింపి చూసి తల పట్టుకునేవాడు. "తేనెలా ఉంది. దీంతో చీజు ముక్కలు వేయించుకుని తినొచ్చు" అనేవాడు. అయినా మార్చేవాళ్లు. మార్చమన్నవాడికి మార్చను అనే అలవాటు ఆ షోరూం గోడల మధ్య పుట్టలేదు.

ఆ గోడల మధ్య పుట్టినవన్నీ మేనేజరు గోర్డీ పుట్టించినవే. గోర్డీకి కారంటే లోపల డబ్బున్న రోగి. ఆయిల్ మార్చుకోవడానికి వచ్చినవాణ్ని ఆయిల్ మాత్రమే మార్చి పంపితే అతనికి ఆ రాత్రి నిద్ర పట్టదు. బ్రేకుల ద్రవం కడిగించాలి, ఇంజన్ని చల్లబరిచే కూలెంటు కడిగించాలి, కడగడానికి ఏమీ మిగలకపోతే కడిగిన గొట్టాలు కడిగించాలి. వీటన్నిటికీ మొదటి మెట్టు గాలి ఫిల్టరు. వెయిటింగు హాల్లో కాఫీ తాగుతున్న కస్టమరు దగ్గరికి నల్లగా మసిపట్టిన ఫిల్టరును రెండు చేతులా పట్టుకుని, పురిటి గది నుంచి బిడ్డను తెచ్చినంత మెల్లగా తెచ్చి చూపించాలి. ఏమీ మాట్లాడకూడదు. నిట్టూర్చాలి. కస్టమరు సిగ్గుపడి "మార్చేయండి" అంటాడు.

ఒకరోజు గోర్డీ స్వయంగా అలా ఒక ఫిల్టరు తెచ్చి ఆరిన్ ముందు నిట్టూర్చాడు.

ఆరిన్ కళ్లజోడు సవరించుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమయ్యా గోర్డీ, ఇది నాదేనా?"

"మీదే మరి!"

"ఇదిగో, ఈ మూల ఇరుక్కున్న మేపుల్ ఆకు. పోయిన వసంతంలో పాస్టరు గారికి చూపించావు చూడు, అప్పుడూ ఇక్కడే ఉంది. పాపం, ఇన్నాళ్లయినా దానికి ఇల్లు దొరకలేదన్నమాట."

హాల్లో అందరూ కాఫీ కప్పుల్లోకి తలలు దించుకుని నవ్వారు. గోర్డీ ఆ ఫిల్టరును చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ ఆకు మాత్రం మర్నాటి నుంచి కనపడలేదు. ఫిల్టరు అదే.

ఆరిన్ ఎప్పుడూ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. అక్కడి నుంచి కార్లు వచ్చి ఆగే చోటూ, కౌంటరూ రెండూ కనపడతాయి. గోర్డీ ఆ సెప్టెంబరులో అందరినీ పోగుచేసి కొత్త పథకం చెప్పినప్పుడు కూడా ఆయన అక్కడే ఉన్నాడు.

"ఇక మీదట మనమే కస్టమరు ఇంటికి వెళ్తాం," అన్నాడు గోర్డీ చేతులు రుద్దుకుంటూ. "వాళ్ల కారు మనమే తోలుకొస్తాం, పనైపోయాక మనమే దింపి వస్తాం. మొదటి మంచు పడ్డ రోజు నుంచి మొదలు. కౌంటరు వాళ్లూ వెళ్లాలి. నడుం నొప్పి, మోకాలి నొప్పి అన్నవాళ్లు ఆ నొప్పులతో ఇంట్లోనే ఉండొచ్చు. మార్లిస్, నీ నడుం ఎలా ఉంది?"

"బాగానే ఉంది" అంది మార్లిస్. గొంతు మాత్రం బాగా లేదు.

ఆమె నడుం ఎప్పుడూ బాగానే ఉంది. బాగా లేనిది వేరే ఒకటుంది. కిందటి చలికాలం, చెరువు పక్క రోడ్డు మీద, తారులో కలిసిపోయి కంటికి కనపడని గడ్డమంచుకి ఆమె కారు జారి, బొంగరంలా తిరిగి, గుంటలో పడింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడు స్టీరింగు పట్టుకున్నా అరచేతులు చెమటతో తడిసి జారిపోయేవి. రోజూ అక్క తెచ్చి షోరూం మలుపులో దింపిపోయేది. కార్ల షోరూంలో పనిచేస్తూ కారు నడపలేనని ఎవరితో చెప్పుకుంటుంది? కౌంటరు ముందు కారును నాలుగడుగులు జరపాలన్నా "నడుం" అని ఇంకొకరికి తాళాలు ఇచ్చేసేది. ఇప్పుడు మంచు పడేలోగా ఆ భయం పోవాలి, లేకపోతే ఉద్యోగం పోవాలి.

ఆ మర్నాడే హాల్వర్సన్ గారి కారుకి మొదటి చప్పుడు వచ్చింది.

"ర్‌ర్‌ర్... టుక్. ర్‌ర్‌ర్... టుక్" అన్నాడు ఆయన కౌంటరు మీద వాలి.

మెకానిక్ తీసుకెళ్లి చూసి వచ్చాడు. "ఏ చప్పుడూ లేదు" అన్నాడు.

"నీకెందుకు వినిపిస్తుంది? ఇది నత్తలా పోతేనే వస్తుంది. ఇదిగో అమ్మాయ్, నువ్వు రా. నువ్వు నడుపు, నేను వింటా. నడపడం, వినడం రెండూ ఒకేసారి ఈ వయసులో నా వల్ల కాదు."

"నేనా? నాకు నడుం..."

"నీ నడుం ఊడదులే. వెనక ఖాళీ స్థలం దాటనివ్వను."

కస్టమరు అడిగితే కాదనకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది. దాని కింద గోర్డీ నిలబడి ఉన్నాడు. మార్లిస్ వెళ్లింది. షోరూం వెనక ఖాళీ స్థలంలో, చేత్తో తోసినా అంతకన్నా వేగంగా పోతుందేమో అన్నంత మెల్లగా ఒక చుట్టు తిరిగింది. పక్క సీట్లో ఆరిన్ ఒక కన్ను మూసి, ఒక వేలు పైకెత్తి, చర్చిలో పాట వింటున్నవాడిలా కూర్చున్నాడు.

"వినిపించిందాండీ?" అని అడిగింది ఆమె, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోగా.

ఆయన పలకలేదు. వేలు మాత్రం ఇంకో చుట్టు తిప్పమన్నట్టు తిప్పాడు. ఆ మధ్యాహ్నం ఎన్ని చుట్లు తిరిగారో గానీ, చప్పుడు మాత్రం రాలేదు. దిగాక ఆయన "మనల్ని చూసి దాక్కుంది దొంగముండ" అని కారును తిట్టి, నిశ్చింతగా ఇంటికి పోయాడు.

తర్వాతి చప్పుడు "పిచ్చుక్-పిచ్చుక్". అది శ్మశానం పక్క రోడ్డు మీదే వస్తుందట.

"అక్కడే ఎందుకండీ?" అంది మార్లిస్ కౌంటరు దగ్గరే.

"ఏదైనా గుద్దినా ఫిర్యాదు చేసేవాళ్లు ఉండరని" అన్నాడాయన.

ఆమెకు నవ్వు వచ్చింది. కారెక్కాక కూడా అది తలుచుకుని నవ్వుతుండగా మలుపు వచ్చింది, నవ్వుతూనే తిప్పింది. ఆ తర్వాత వచ్చిన "గణగణ" ఊరి మధ్య సిగ్నలు దగ్గర ఎడమకి తిరిగితేనే వస్తుంది. "ఊఁఊఁఊఁ" వంతెన మీద తప్ప రాదు. "టపటపటప" అయితే మరీ గొప్పింటి చప్పుడు, హైవే ఎక్కి లారీల పక్కన పరిగెడితే తప్ప బయటికి రాదు. లారీ దాటుతున్నప్పుడు మార్లిస్ కెవ్వుమంది. ఆరిన్ రెప్ప కూడా కదపలేదు, వేలు ముందుకి చూపించాడు. ముసలాయన గుండె ఇనపదని ఆమె అనుకుంది.

గోర్డీకి ఒళ్లు మండిపోయింది. "ఏంటిది మార్లిస్? ఆ ముసలాయన కొనేది ఆయిలొక్కటి. నువ్వేమో ఆయన్ని ఊరేగిస్తున్నావ్!"

"నేను కాదు, ఆయనే నన్ను తీసుకెళ్తున్నాడు."

"ఆయన కారులో ఏ చప్పుడూ లేదని మెకానిక్ రాసిచ్చాడు కదా?"

కిటికీ పక్క నుంచి ఆరిన్ అందుకున్నాడు. "గోర్డీ, నువ్వు అమ్మే జబ్బులు సగం మీ మెకానిక్కుకి కనపడవు, అయినా మందు పోస్తున్నావు. నా జబ్బుకి మందు కూడా అక్కర్లేదు. కాస్త గాలి మార్పు చాలు."

నవంబరు చివర్లో మొదటి మంచు పడింది. ఆ ఉదయం గోర్డీ తలుపు తీసేసరికే ఆరిన్ గుమ్మంలో ఉన్నాడు, కోటు మీద మంచు, నోట్లో "జ్‌జ్‌జ్‌జుర్ర్" అని కొత్త చప్పుడు.

"ఇది జారితేనే వస్తుంది" అన్నాడు.

మార్లిస్ మొహం పాలిపోయింది. "ఇవాళ వద్దండీ."

"ఇవాళ కాకపోతే అది మళ్లీ దొరకదు, అమ్మాయ్."

చెరువు పక్క ఖాళీ మైదానంలో, ఆయన చెప్పినట్టే బ్రేకు తొక్కింది. కారు జారింది. ఆకాశం అటు పోయింది, చెరువు ఇటు వచ్చింది. ఆమె గొంతు చించుకుని అరిచింది. ఆరిన్ ప్రశాంతంగా చెయ్యి చాపి, బ్రేకు వదలమని అరచేతితో చూపించాడు. వదిలింది. జారుతున్న వైపే స్టీరింగు తిప్పమని చూపించాడు. తిప్పింది. కారు బుద్ధిగా నిలబడింది. మళ్లీ తొక్కమన్నాడు. ఆ పొద్దున ఆమె అంతసేపు జారి, జారి, ఆఖరికి జారడమంటే విసుగొచ్చేదాకా జారింది.

తిరిగొచ్చేసరికి గోర్డీ షోరూం కారు తాళాలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "కొండ మీద పాల రైతు కారు తేవాలి. వెళ్తావా, నడుం నొప్పా?"

మార్లిస్ ఆ తాళాలు తీసుకుంది. కొండెక్కింది, ఆ కారు అక్కడ వదిలి రైతు కారు తెచ్చింది. తెచ్చాక కౌంటరు వెనక కుర్చీలో కూర్చుని, చేతులు చూసుకుంది. పొడిగా ఉన్నాయి. అప్పుడు గానీ ఆమె బుర్రలో దీపం వెలగలేదు. ఖాళీ స్థలం, శ్మశానం, సిగ్నలు, వంతెన, హైవే, మంచు. సెప్టెంబరుకి ముందు ఆ కారు ఒక్కసారైనా కిక్కురుమందా?

కిటికీ వైపు చూసింది. ఆరిన్ ఉచిత కాఫీలో మూడో చెంచా పంచదార కలుపుకుంటున్నాడు.

"హాల్వర్సన్ గారూ, ఈ చప్పుళ్లన్నీ మీరు..."

"పోయాయి అమ్మాయ్! ఒక్క దెబ్బతో అన్నీ పోయాయి. కొత్త ఆయిల్ మహిమ" అన్నాడు గోర్డీకి వినపడేలా.

కానీ పూర్తిగా పోలేదు. చలికాలమంతా అప్పుడప్పుడు ఒకటి వస్తూనే ఉండేది. అవి కాస్త రుచి తెలిసిన చప్పుళ్లు. శుక్రవారం సాయంత్రం, చెరువు అవతల వేయించిన చేప పెట్టే హోటలు దాకా పోతే తప్ప వచ్చేవి కావు. ఆ ఉడుత చప్పుడూ అలాంటిదే. ఆ రోజు చేప బాగుందని ఆయన రెండోసారి తెప్పించుకున్నాడు.

అంత్యక్రియల రోజు చర్చి నేలమాళిగలో హామ్ శాండ్విచ్‌లూ, నూడిల్స్ వేసి ఓవెన్‌లో కాల్చిన హాట్‌డిష్షూ, కాఫీ పెట్టారు. మార్లిస్ ఒక్కతే, తన కారులో, వంతెన మీదుగా వచ్చింది. ఆరిన్ భార్య ఆర్డిస్ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒకటే బాధండీ," అంది మార్లిస్. "ఆయన అంత శ్రద్ధగా వినేవారు, వేలెత్తి మరీ. ఆ చప్పుళ్లు కల్పితమని తెలిశాక కూడా, ఎక్కడో ఒక్కటైనా నిజంగా విన్నారేమోనని నాకు అనుమానం."

ఆర్డిస్ కాఫీ కప్పు కింద పెట్టి ఆమె వంక వింతగా చూసింది.

"ఆరిన్ వినడమా? కారెక్కగానే చెవి మిషన్లు రెండూ తీసి కోటు జేబులో వేసేసుకునేవాడమ్మా. అవి లేకపోతే ఆయనకి పిడుగు పడ్డా వినపడదు."