గాలి కదలని గంటలు

ఆయన వృత్తిని ఒక్క మాటలో చెప్పడం ఇంట్లో ఎవరికీ చేతనయ్యేది కాదు. పొలంలో చల్లిన పురుగుమందు ఎండకు ఆవిరై, గాలిలో కలిసి, పక్కన నివసించే మనిషి ఊపిరిలోకి ఎంత చేరుతుందో కంప్యూటరులో లెక్కగట్టడం ఆయన పని. మందు కొట్టే పొలానికీ ఇళ్లకూ మధ్య ఎంత దూరం ఉండాలో ఆ లెక్కను బట్టే వ్యవసాయ శాఖ నిర్ణయించేది.

"మావాడు గాలిని తూకం వేస్తాడు. పంచదార తూచమంటే మాత్రం చేతకాదు," అని అక్క ఇరుగుపొరుగుతో నవ్వేది.

అక్కది కుట్టుపని. వెలుతురు కోసం మిషనును కిటికీకి ఆనించి వేసుకుంది. కిటికీకి ఇరవై అయిదు మీటర్ల అవతల బంగాళాదుంప పొలం. ఒక వేసవిలో ఆమె ఫోను చేసింది.

"ఒరే పండితుడా, మందు కొట్టిన రోజున సాయంత్రమయ్యేసరికి గొంతు పట్టేస్తోందిరా. కళ్లు మండి సూదిలోకి దారం ఎక్కడం లేదు."

"ఇరవై మీటర్లు దాటితే భయం లేదక్కా. ఆ లెక్క వేసింది నేనే."

"నువ్వు వేశావనే కదా నిన్నడుగుతున్నాను!"

"కిటికీలు తీసిపెట్టుకో. గాలి ఆడితే అదే పోతుంది."

ఆమె తీసిపెట్టుకుంది. అలా నాలుగు వేసవులు గడిచాయి.

ఆయన అబద్ధమాడలేదు. సోమరి కూడా కాడు. ప్రతి అంకెనూ రెండుసార్లు సరిచూసేవాడు. అయిదో ఏడు, కార్యాలయంలో కొత్తగా చేరిన అమ్మాయి పాత లెక్కను మళ్లీ నడిపి చూస్తూ ఆయన బల్ల దగ్గరకు వచ్చింది.

"సార్, ఏడాదికి ఎనిమిది వేల ఏడువందల అరవై గంటలు కదా. ఇందులో వెయ్యికి పైగా కనబడడం లేదు. ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"అవి గాలివేగం సున్నాగా నమోదైన గంటలమ్మా. సూత్రంలో గాలివేగంతో భాగించాలి. సున్నాతో భాగించలేం కనక తీసేస్తాం. అందరూ చేసేదే."

"గాలే లేకపోతే ఆవిరి ఎక్కడికి పోతుంది సార్?"

గాలి స్తంభించినప్పుడు ఆవిరి చెదరక నేలనంటి ఉంటుందన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. శిక్షణకు వచ్చినవాళ్లకు తనే పాఠంగా చెప్పినదే. కానీ సూత్రానికి లొంగని గంటలను లోకంలోనే లేనివిగా భావించడం ఇన్నేళ్లలో అలవాటైపోయింది. సంధ్యవేళ మొదలయ్యే ఆ గంటల్లోనూ మనుషులు ఊపిరి పీలుస్తారు. ఆ గంటలను వదిలేసి ఆయన తీసింది ఏడాది సగటు. సగటు అనేది ఎవరూ కాపురముండని ఇల్లు.

మరో పద్ధతిలో, ఒక్క గంటనూ వదలకుండా లెక్క తిరగవేశాడు. ఇరవై మీటర్లు ఎనభై అయింది. తప్పు తనదేనని రాసి పైకి పంపాడు. శాఖ దూరాన్ని పెంచింది. అది రాబోయే వేసవికి పనికివస్తుంది. గడచినవాటికి చేయగలిగింది ఏమీ లేదు.

అప్పటికి అక్క ఊపిరితిత్తుల్లోని గొట్టాలు కుంచించుకుపోయాయి. అవి మళ్లీ మునుపటిలా కావని వైద్యుడు తేల్చిచెప్పాడు. కారణం పురుగుమందేనని రాసివ్వలేదు, కాదనీ అనలేదు. తమ్ముడికి ఆ సందేహం ఊరట కాలేదు.

ఒక మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లి, స్టూలు మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె మిషను చక్రం మీద చెయ్యి వేసి విన్నది.

"ఎన్ని గంటలు వదిలేశావన్నావు?"

"వెయ్యికి పైగా. ఏడాదికి."

"అంత చదువు చదివి, గాలాడని పూట ఉక్కపోస్తుందని తెలియలేదట్రా?" నవ్వబోయింది. దగ్గు వచ్చింది. అది తగ్గాక అంది: "అయితే నాతో అబద్ధమైతే చెప్పలేదు."

"లేదక్కా. తెలిసినట్టు చెప్పాను."

"నాకూ సరిగ్గా తెలియదే అక్కా అని ఉంటే, కిటికీ మూసుకునేదాన్ని కదరా. గొంతు మండుతున్నది నాకు తెలుస్తూనే ఉంది. నువ్వంతలా చెప్పావని నా గొంతునే నమ్మలేదు."

ఆయన తల దించుకున్నాడు. క్షమించమని అడగడానికి వచ్చినవాడు ఆ మాట అడగలేదు. అడిగితే ఆమె వెంటనే క్షమించేస్తుందని ఆయనకు తెలుసు.

ఆమె గుడ్డను సూది కిందికి జరిపి తొక్కడం మొదలుపెట్టింది. జానెడు కుట్టు పడగానే ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ తొక్కింది.