వాన వెలిశాక కప్పిన మూటలు

మా చిన్నమ్మ బాప్తిస్మం రెండు నెలలు వాయిదా పడింది నా వల్లేనని తమిళనాడు ధర్మపురిలో ఆమె సంఘంవాళ్ళు ఇప్పటికీ అనుకుంటారు. అనుకోనీ. దేవుడు లేడని ముప్పై ఏళ్ళుగా వీధి సభల్లో గొంతు చించుకుంటున్నవాడికి ఆ మాత్రం పేరు రావడం గౌరవమే. కాని ఆపింది ఆమే. నేను పుస్తకం చదివి వినిపించాను, అంతే.

చిన్నమ్మ, మా అమ్మ చెల్లెలు, నలభై ఏళ్ళు చిత్తాళుగా బతికింది. ఇళ్ళు కట్టేచోట ఇటుకలు, కలిపిన సిమెంటు తలమీద మోసే ఆడమనిషిని మావైపు చిత్తాళు అంటారు. మోకాళ్ళు అరిగి పని మానేశాక, పక్కవీధిలో రేకుల కప్పు కింద జరిగే ప్రార్థనకు పోవడం మొదలుపెట్టింది. అక్కడ అంతా తమిళం. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, ఫోన్లో తెలుగు బైబిలు ఉంటుందట గదా, చదివి చెప్పమంది. మా ఇళ్ళలో తెలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

"అరవంలో వింటే సరే అనిపిస్తాది. మన మాటలో వింటేగాని నమ్మను," అంది.

ఆమెకు తెలియాల్సింది ఒకటే. తను చేసిన ఒక పాపం పోయిందా, లేదా.

ఆ పాపం మారండహళ్ళిలో జరిగింది. ఇరవై ఏళ్ళ కిందటి మాట. చిత్తాళ్ళు ఇద్దరిద్దరు జతగా పనిచేస్తారు. నిండు బరువు ఎవరి తలకు వాళ్ళు ఎత్తుకోలేరు, వాళ్ళంతట వాళ్ళు దించుకోలేరు. జతది ఎత్తించాలి, జతదే దించాలి. చిన్నమ్మ జత ఆమెకంటే కొంచెం పెద్దది, బి. మల్లాపురం మనిషి. ఒక సాయంత్రం సిమెంటు మూటల మీద టార్పాలిన్ కప్పి పొమ్మని మేస్త్రీ చిన్నమ్మకు చెప్పాడు. ఆమె బస్సుకు టైమవుతోందని మరిచి వచ్చేసింది. ఆ రాత్రి వాన. తెల్లారేసరికి మూటలన్నీ రాళ్ళు. మేస్త్రీ అడిగితే చిన్నమ్మ జత వైపు చూపించింది. "కప్పేది ఆమె వంతు" అంది. మేస్త్రీ ఆమెను ఆ పొద్దే వెళ్ళగొట్టాడు. ఆ మాట మిగతా మేస్త్రీలకూ పాకి, ఆమెకు మళ్ళీ కట్టుబడి పని దొరకలేదు. ఊరికి పోయి కర్రపెండలం తోటల్లో కూలికి కుదిరింది. చిన్నమ్మ ఆమె ముఖం మళ్ళీ చూడలేదు.

నేను చదవడానికి ఒప్పుకున్నది మంచి ఉద్దేశంతో కాదు. ఆ పుస్తకంతోనే ఆ పుస్తకాన్ని కొట్టడం మాకు వాదసభల్లో నేర్పిన మొదటి విద్య. ఏరి ఏరి చదివాను. యూదుల పూజారి జనం పాపమంతా ఒక మేక నెత్తిన పెట్టి ఎడారికి తోలించే ఘట్టం చదివితే, "మేక ఏం చేసిందిరా, పావం," అని నవ్వింది. దేవుడు పాపాలను సముద్రం అడుగున పారేస్తాడు, ఇక గుర్తు పెట్టుకోడు అన్నచోట తల ఊపింది. ఎవడి పాపం కప్పబడిందో వాడు ధన్యుడు అనే అర్థం వచ్చే కీర్తన దగ్గర మాత్రం చెయ్యెత్తి ఆపింది.

"కప్పేది నాకు చెప్పొద్దు. వానకు ముందు కప్పాల. గడ్డకట్టినాక కప్పితే లోపల రాయే గదా."

అంత గట్టి వాదం నేను ఏ వేదిక మీదా వినలేదు. ఊపు వచ్చి, రాజు కథ ఎత్తుకున్నాను. పరాయివాడి భార్యను తెచ్చుకుని, ఆ భర్తను యుద్ధంలో చంపించి, చివరికి దేవుడితో నీకొక్కడికే నేను ద్రోహం చేశాను అని ఏడ్చిన రాజు. ఒక్కడికేనా? చచ్చినవాడు లెక్కలో లేడా? దెబ్బ తిన్నది ఒకరు, క్షమించేది ఇంకొకరు, ఇదేం న్యాయం అని సభలో అడిగినట్టే అడిగాను.

మర్నాడు పాస్టరు ఇంటికి వచ్చాడు. మెత్తటి మనిషి. నువ్వు పశ్చాత్తాపపడ్డావు, ఆయన క్షమించాడు, మరిచిపోయాడు కూడా, ఆదివారం నీళ్ళలో దిగక్కా అని నచ్చచెప్పాడు. "ఆయన మరిచినాడు సరే అయ్యా, ఆమె మరిచిందా?" అని అడిగింది చిన్నమ్మ. పాస్టరు నా వైపు చూశాడు. నేను గెలిచినవాడిలా కూర్చున్నాను.

ఆయన పోయాక చిన్నమ్మ మెల్లగా అడిగింది. "ఆ పుస్తకంలో అంతేనా? నా మాదిరివాళ్ళకు ఇంకేమీ రాయలేదా?"

రాశారు. అది నాకు తెలుసు. నా వాదానికి అడ్డమని దాటేశాను. ఒక వాక్యం దాచి గెలిచే పూజారులను జీవితమంతా ఎండగట్టినవాణ్ణి, మా చిన్నమ్మ దగ్గర అదే పని చేశాను. సిగ్గేసింది. ఫోను తీసి ఏసు మాట చదివాను. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినప్పుడు, నీ మీద ఎవరికైనా బాధ ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలెయ్, ముందు పోయి వాళ్ళతో సమాధానపడు, తర్వాత రా.

మళ్ళీ చదవమంది. చదివాను.

"ఇది నమ్ముతాను," అని లేచింది. బాప్తిస్మం ఆగింది అప్పుడు.

పోవడానికి రెండు నెలలు పట్టింది. మోకాళ్ళన్నది, వాన అన్నది, తన జత బతికుందో లేదో అన్నది. నేను తొందరపెట్టలేదు. చివరికి ఒక ఉదయం ఆడవాళ్ళకు టికెట్ లేని బస్సులో ఆమె, టికెట్ కొనుక్కుని నేను, బి. మల్లాపురంలో దిగాం. దారంతా చెప్పాల్సింది పెదవులతో వల్లిస్తూనే ఉంది. టీ అంగట్లో అడిగితే, తోటకు పోయింది, ఇప్పుడు వస్తుంది అన్నారు.

గట్టు మీద ఎదురొచ్చింది. తలమీద పచ్చగడ్డి మోపు, దాని కింద గుడ్డచుట్ట, నిటారు మెడ. చూసి ఆగింది. వల్లించిందంతా చిన్నమ్మ నోట్లోనే పోయింది.

"అక్కా, ఆ పొద్దు కప్పాల్సింది నేను," అంది.

ఆమె చేత్తో మోపు సర్దుకుంది. మోపు బరువుకు మెడనరాలు కదులుతున్నాయి.

"నాకు తెలీదా మే. నేను మరిచిపోలే," అంది. "మెడ పోతాంది. ముందు మోపు పట్టు."

చిన్నమ్మ చెప్పులు విడిచి దగ్గరికి పోయింది. నేను సాయానికి అడుగేస్తే ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. ఎవరు ఎటు వంగాలో ఎవరూ చెప్పుకోలేదు. మోపు చప్పుడు లేకుండా నేలకు దిగింది.