దోర్కా పంచని పెట్టె

మా ఇంటిది దోర్కా మొండిది. ఈ మాట నేను ఆమె ముందే అంటాను, పెళ్ళయినప్పటి నుంచీ అంటున్నాను. నాచారంలో మందుల కంపెనీ ప్యాకింగులో పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చి, చెప్పులు విడిచీ విడవకముందే మిద్దె ఎక్కుతుంది. అక్కడ నీళ్ళ ట్యాంకు నీడన ఆమె తేనెటీగల పెట్టె ఉంది. స్కూలు వ్యాను తోలి ఉప్పల్ ట్రాఫిక్కులో నలిగి వచ్చిన మొగుడికి చాయ్ ఉండదు గానీ, పెట్టెకు చీమలు పట్టకుండా స్టాండు కాళ్ళ కింది గిన్నెల్లో మాత్రం నీళ్ళు నిండుతాయి. కడుపు మండదా మరి?

ఆ పెట్టె మా చర్చి పెద్ద అబ్బయ్య మామ ఇచ్చింది. మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేక ఆమె చేతిలో పెట్టాడు. పొగ ఎట్లా పట్టాలో, తేనెపట్టు ఉన్న చట్రాలను ఎట్లా లేపి చూడాలో అన్నీ నేర్పాడు. ఆమె చేతికి ఆ ఈగలు అలవాటు పడ్డ తీరు చూస్తే నాకే కుళ్ళు పుట్టేది. ఏటా కోతల పండుగకు మొదటి తేనె చర్చికి ఇస్తానని మొక్కుకుంది. పండుగనాడు ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలం పాట పెడతారు కదా, అందులో గుమ్మడికాయలూ కోళ్ళూ వెనకబడేవి, దోర్కమ్మ తేనెకు పాట పెరిగేది. మైకులో పేరు పిలుస్తుంటే తలవంచుకుని మురిసిపోయేది. నేనూ మురిసిపోయేవాణ్ణి, అబద్ధమెందుకు?

ఆమె చెల్లెలు మరియా. భర్త పోయాక నారపల్లిలో రాఘవేంద్ర అనే ఆయన భూమి పాలుకు చేస్తోంది. చుట్టూ ప్లాట్లు లేచాయి, చెట్లు కొట్టేశారు, తేనెటీగ అన్నది కనబడదు. గుమ్మడి, దోస, కాకర పాదుల నిండా పూలే. పిందెలు మాత్రం పచ్చబడి రాలిపోతున్నాయి. రాఘవేంద్రకు ప్లాట్ల వాళ్ళ ఫోన్లు ఆగడం లేదు. ఈసారి పంట వస్తే ఇంకో ఏడాది ఆగుతాను, రాకపోతే ఇచ్చేస్తాను అన్నాడు. మరియా మా ఇంటికొచ్చి అక్క ముందు కూర్చుంది. తన పొలంలో ఈగలుంటే పిందె నిలుస్తుందని, పెట్టె పంచి తనకొకటి ఇమ్మని అడిగింది. వానలు పోగానే పంచిస్తానని దోర్కా మాటిచ్చింది.

వానలు పోయాయి. పెట్టె కిక్కిరిసింది. ఈగలు లోపల చోటు చాలక గుమ్మం ముందు గడ్డంలా వేలాడాయి. మధ్యాహ్నమైతే మగ ఈగలు బొయ్యిమంటూ తిరిగేవి. ఒకనాడు దోర్కా చట్రం లేపితే కింది అంచున పల్లికాయల్లాగా కొన్ని గదులు కనబడ్డాయి. అవి కొత్త రాణుల గదులు. చర్చి బయట అబ్బయ్య మామకు ఈ సంగతంతా చెప్పింది. ఆయన చేతికర్ర మీద వాలి విన్నాడు.

“రాణి గదులు కండ్ల పడ్డంక ఆగొద్దు బిడ్డా. మగ ఈగలున్నయ్, పూత ఉన్నది. ఇదే అదను. మనం పంచకపోతే అవ్వే పంచుకుంటయ్. గప్పుడు మన వాట మనల్ని అడిగి ఇయ్యవు.”

ఇంతకన్నా తేటగా ఎవరు చెబుతారు? కానీ కోతల పండుగ దగ్గరికొచ్చింది. పంచితే సగం ఈగలూ సగం తేనె చట్రాలూ చెల్లెలి పెట్టెలోకి పోతాయి, చర్చికి ఏం మిగులుతుంది? నేను తల బాదుకున్నాను. దేవుడు సీసాలు లెక్కపెడతాడా, అవతల మరియా పూత రాలిపోతోంది అన్నాను. ఆమె నావైపు చూడను కూడా లేదు.

“మొక్కుకున్న పెట్టెను సగం జేసి దేవునికిస్తనా? పండుగ కానీ. తెల్లారే పంచుత.”

కొత్త రాణి పుట్టబోతేనే పాతది ఇల్లు విడుస్తుంది కాబట్టి, అప్పటిదాకా ఈగలు ఆగాలని, కనబడ్డ రాణి గదినల్లా గోటితో చిదిమేస్తూ వచ్చింది. పట్టు చాటున ఒక గది మిగిలిపోయింది. ఎవరి కంటా పడలేదు.

రేపు పండుగనగా ఎండెక్కిన వేళ పాత రాణి సగానికి పైగా ఈగల్ని వెంటేసుకుని లేచిపోయింది. మిద్దె మీద ఆకాశం నల్లబడింది. దోర్కా చీర కొంగు పట్టుకుని కింద నుంచి పైకి పరుగెత్తింది. నేను వ్యాను తీశాను. పీర్జాదిగూడ దాకా వెంటపడ్డాం. కడుతున్న అపార్ట్‌మెంట్ పై అంతస్తు దూలానికి కాసేపు వేలాడాయి. వాచ్‌మన్ మమ్మల్ని లోపలికి రానిచ్చేసరికి అక్కడ ఒట్టి దూలమే ఉంది. ఇల్లు విడిచేముందు ఈగలు కడుపునిండా తేనె తాగి పోతాయట. పండుగకు దోర్కా చిన్న సీసాతో వెళ్ళింది. పాట పెట్టేటప్పుడు బయటికొచ్చి నిలబడింది.

మిగిలిన పెట్టెలో ఈగలు పిడికెడే, పంచడానికి ఏమీ లేదు. మరియా గుమ్మడి పాదు ఎండిపోయింది. రాఘవేంద్ర మాట తప్పలేదు, భూమి ప్లాట్ల వాళ్ళకిచ్చేశాడు. మరియా హబ్సిగూడలో ఒక హాస్టల్ వంటగదిలో చేరింది. 

ఈ ఏడు పెట్టె మళ్ళీ బలపడింది. రాణి గది కనబడ్డ పూటే, కంపెనీకి సెలవు పెట్టి మరీ, దోర్కా పెట్టెను రెండు చేసింది. రెండో పెట్టెలో కొత్త రాణి గుడ్లు పెట్టిందని ఖాయం చేసుకుని నన్ను హబ్సిగూడకు తీసుకుపొమ్మంది. మరియా వంటగది వెనక మెట్ల మీద బియ్యం ఏరుతోంది. నీ పెట్టె తయారైంది అని దోర్కా చెప్పింది, చిన్నపిల్లలా చెప్పింది.

మరియా చాట పక్కన పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది.

“ఏడ పెట్టుకోవాలె అక్కా? ఈడ మంచమే ఇంకొకామెతోని పంచుకుంటున్న. ఈ పెట్టె గూడ చర్చికే ఇయ్యి.”

దోర్కా ఆ మెట్ల మీదే చెల్లెలి పక్కన కూర్చుండిపోయింది. చాట ఒళ్ళోకి లాక్కుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.