మురిగిపోయే నిధులు, కలరా ఉండలు

చదువు నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంది. అందుకేనేమో, బీరువా తెరవగానే వచ్చే కలరా ఉండల వాసనకు అందరికీ పట్టుచీరలు గుర్తొస్తే, నాకు ప్రభుత్వ బడ్జెట్ గుర్తొస్తుంది.

బొగ్గుబాయిల నడుమ ఉన్న మా చిన్న మున్సిపాలిటీలో అటెండరుగా చేరిన కొత్తలో, లెక్కలు చూసే సుభద్ర మేడం ఎవరితోనో ఫోనులో, మార్చి దాటితే నిధులు మురిగిపోతాయని బాధపడుతుంటే విన్నాను. వెంటనే గోదావరిఖని బజారుకు వెళ్లి కలరా ఉండలు కొనుక్కొచ్చి ఆఫీసు బీరువా నిండా చల్లాను. ఆమె కోస్తా నుంచి వచ్చిన మనిషి, నవ్వు తక్కువ. ఆ రోజు మాత్రం నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. తర్వాత కూర్చోబెట్టి చెప్పారు: ఒక్కో పనికి ఒక్కో పద్దు ఉంటుంది, దాని సొమ్ము దానికే వాడాలి, మార్చి ఆఖరులోగా వాడకపోతే ఆ అనుమతి చెల్లదు. మురిగిపోవడమంటే అదీ.

ఆ నియమం మీద నాకు కోపం వచ్చింది కరోనా ఏడాది. సర్కారు ఆదాయం పడిపోయింది, ఉన్నదాంట్లోనే సర్దుకోమని ఉత్తర్వు వచ్చింది. మోరీల్లో మురుగు తీసే ఆడవాళ్ల జీతాల పద్దు ఖాళీ అయింది. చౌరస్తాలో కట్టబోయే ఫౌంటెన్ పద్దు మాత్రం నిండుగా ఉంది, ఇంకొన్నాళ్లయితే మురగడానికి సిద్ధంగా. ఆ ఆడవాళ్లకు పెద్దదిక్కు లాంటి లచ్చక్క వచ్చి, కిరాణా కొట్టులో ఉద్దెర ఆపేశారని చెప్పి, మేడం టేబుల్ ముందు నిలబడిపోయింది.

"ఫౌంటెన్ కాడ ఊడ్చిన్రని రాయున్రి మేడం, అయిపాయె" అన్నాను.

"కట్టని ఫౌంటెన్ దగ్గర ఏం ఊడ్చారు మల్లేశం, నీ జోకులా? రేపు ఆడిట్‌లో దొరికితే ఆ డబ్బు లచ్చక్క దగ్గరే వసూలు చేస్తారు. గోడ దూకడం ఎందుకయ్యా, తలుపుండగా?"

తలుపంటే పాలకవర్గం తీర్మానం. అది చేసి పైవాళ్ల అనుమతి తెచ్చుకుంటే పద్దు మార్చవచ్చట. కానీ చైర్మన్‌కు ఆ ఫౌంటెన్ అంటే ప్రాణం. మేడం నచ్చజెబుతుంటే ఆయన కిటికీలోంచి చౌరస్తా వైపే చూస్తున్నాడు. టీ అందిస్తూ నేనే నోరు జారాను: "ఫౌంటెన్‌కు మీ పేరే పెడ్తరు సార్. మోరీలు నిండితే గా వాసనకు సుత మీ పేరే పెడ్తరు."

ఆయన నన్ను గుర్రుగా చూశాడు. తర్వాత టీ గ్లాసులోకి చూసి నవ్వాడు. ఆ నవ్వు ఆరకముందే మేడం తీర్మానం కాగితం ఆయన ముందుకు జరిపారు. పాలకవర్గం ఒప్పుకున్నాక ఆ కాగితాలు పట్టుకుని మేడమే పై ఆఫీసు వరండాలో అనుమతి చేతికి వచ్చేదాకా కూర్చున్నారు. మార్చి ముగియకముందే జీతాలు పడ్డాయి. ఫౌంటెన్ ఆ పై ఏడాది కట్టారు. దాని చుట్టూ నిజంగానే లచ్చక్క ఊడ్చింది.

ఇప్పటికీ ఎవరైనా "రూలు ఒప్పుకోదు" అంటే నేను కోపం తెచ్చుకోను, తలుపు ఎటువైపుందో అడుగుతాను. అది మేడం నేర్పిందే. ఆమె రిటైరైన రోజు మెడలో దండ వేస్తూ, "మీరు పోతే మేమంతా మురిగిపోతం మేడం" అన్నాను.

"నీకేం భయం లేదు మల్లేశం" అన్నారు నవ్వకుండా, "జేబులో రెండు కలరా ఉండలు వేసుకో."