ఫ్యాన్ బంద్ చేయుండ్రి, గింజ పలుకుతుంది

ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. కాఫీ కొట్టు పిల్ల. "ఆంటీ, పెద్దమ్మ పోయింది" అంది. "పొద్దున్నే ఏం మాటలే అవి!" అని కసురుకున్నాను. అవతల ఏడుపు వినిపించాక గానీ నా బుర్రకెక్కలేదు. కుచ్చిళ్ళు చేతిలోంచి జారిపోయాయి. ముందురోజు సాయంత్రమే కదా ఆవిడ నాతో మాట్లాడింది! ఇది రాస్తున్న ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. మనిషి అలా ఎలా పోతుందండీ?

ఆవిడ ఎవరో చెప్పాలి. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ఇంటి కింద, ఒకప్పుడు కారు పెట్టుకున్న చోట, చిన్న కాఫీ కొట్టు ఉంది. కాసిని బల్లలు, ఒక పుస్తకాల అర, గుమ్మం పక్కన కుండీలో కరివేపాకు మొక్క. ముందు కౌంటర్ దగ్గర ఆవిడ చెల్లెలి కూతురు, ఆ ఫోన్ చేసిన పిల్లే, కాఫీ కలిపి ఇస్తుంది. వెనక గదిలో ఆవిడ పచ్చి కాఫీ గింజలు వేయించేది. అరకు నుంచీ చిక్‌మగళూరు నుంచీ బస్తాలు వచ్చేవి. వేయించడం మాత్రం ఆవిడ చేతుల మీదుగానే జరగాలి. ఇంకొకరిని మిషన్ ముట్టుకోనిచ్చేది కాదు.

నేను మౌలాలిలో ఉంటాను. పంతులమ్మగా రిటైరయ్యాను. మాది గుంటూరు వైపు, చిక్కరీ దండిగా కలిపి, చిక్కటి పాలు పోసిన కాఫీ తాగి పెరిగినదాన్ని. మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు గాజు కప్పులో నల్లటి నీళ్ళలాంటిది తెచ్చి పెట్టారు. ఒక్క గుక్క తాగాను. "ఇదేం కాఫీ తల్లీ, జలుబుకి కషాయమా?" అన్నాను, కొట్టంతా వినపడేట్టు.

వెనక గదిలోంచి ఆవిడ బయటికొచ్చింది. గొడవకి వస్తోందనుకుని నేనూ కొంగు దోపాను. వచ్చి నా ఎదురుగా కూర్చుని పకపకా నవ్వింది. "మస్తు చెప్పినవ్ టీచరమ్మా. వీళ్ళంతా బాగుంది బాగుంది అంటరు, ఫోటో తీస్కొని పోతరు. నీ మొహం జూస్తే నాకు సమజైంది, ఇయ్యాల గింజ జెర పచ్చిగుందని" అంది.

నేను టీచర్నని ఎలా తెలిసిందంటే, నా అరుపు విని పోల్చుకుందట!

అప్పటినుంచీ కొత్తగా ఏది వేయించినా మొదటి కప్పు నాకే. ఆవిడ ఎదురుగా కూర్చునేది. నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "మాటలొద్దు. మొహం చాలు." నేను తాగడం, ఆవిడ చూడడం, అంతే. నా కనుబొమ్మ కాస్త ముడిపడిందా, ఆ గింజంతా కరివేపాకు మొక్క మొదట్లోకే. బాగాలేనిది ఆ కొట్టు గడప దాటేది కాదు. చిక్కరీ మాత్రం ఎంత బతిమాలినా వేయలేదు, మహాతల్లి.

ఇంకో సంగతి. ఆవిడ గింజని చూసి కాదు, విని వేయించేది. వేడికి గింజ చిటపటమంటుంది కదా, ఆ చప్పుడుని బట్టి ఎప్పుడు దించాలో తెలుస్తుందట. ఆ వేళకి వెనకనుంచి కేక వచ్చేది. "ఫ్యాన్ బంద్ చేయుండ్రి, గింజ పలుకుతుంది!" ఎండాకాలమైనా సరే, ఫ్యాన్లు ఆగిపోవాల్సిందే. కొట్టంతా ఊపిరి బిగబట్టి చెమటలు కక్కేది. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, రోజూ పేపర్ పట్టుకుని వచ్చే పెద్దాయన ఒకరున్నారు. "ఏం తక్లీఫ్ పెడ్తున్నవమ్మా, కాఫీకొచ్చినమా, ఉడకనీకి వచ్చినమా" అని ఆయన సణగని రోజు లేదు.

ఆ శనివారం సాయంత్రం ఫోన్ చేసి, "ఇయ్యాల ఒక గింజ వేయించిన టీచరమ్మా. బుధవారం రా. నీ మొహం జూడాలె" అంది. వేయించిన గింజ కొన్నాళ్ళు సేదతీరాలి, ఆ రోజే తాగకూడదని ఆవిడ పట్టు. "అలాగే అక్కా" అన్నాను. "ఏమన్నవ్? జెర గట్టిగ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అడిగింది. ఫోన్‌లో సిగ్నల్ బాగాలేదనుకున్నాను.

గుండె ఆగిందన్నారు డాక్టర్లు. వచ్చిన వాళ్ళందరూ ఆ పిల్ల వీపు నిమిరి ఒకటే మాట. "పుణ్యాత్మురాలు, నొప్పి తెలియకుండా నిద్రలోనే పోయింది." నేనూ అదే అన్నాను.

బుధవారం వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు, రమ్మంది కదా. కొట్టు సగం తీసి ఉంది. పెద్దాయన మూల కూర్చున్నారు, పేపర్ మడత విప్పలేదు. ఆ పిల్ల నన్ను చూడగానే శనివారం గింజ సంచీ తీసింది.

"ఆ దినం నేను ఫ్రెండ్ పెండ్లికి పోయిన ఆంటీ. ఆమె ఒక్కతే ఉండె. అందరూ నొప్పి తెలీకుండ పోయింది అంటున్నరు. వీళ్ళకెట్ల తెలుసు? నిమ్మళంగ ఉంటే పెద్దమ్మ చెయ్యి తప్పదు. గింజ మంచిగుంటే ఆమె మంచిగున్నట్టే. నాకు తాగే ధైర్యం లేదు. మీరు తాగుండ్రి."

కలిపి తెచ్చింది. ఆవిడ కుర్చీలోనే, నా ఎదురుగా కూర్చుంది.

దేవుడా, ఇది బాగుండాలి, కషాయంలా ఉన్నా పర్వాలేదు, బాగుండాలి అనుకుంటూ కప్పు ఎత్తాను. మాడిపోయింది. ఏదో కొంచెం కాదు, బొగ్గు చేదు. పొగ వాసనకే పట్టేసే మనిషి, ఒక్క చిటుకు చెవిన పడితే దించేసే మనిషి, ఇది మాడిందని కూడా తెలియకుండా సంచీ కట్టి నాకు ఫోన్ చేసింది. "జెర గట్టిగ చెప్పు" అంది. ఆ చెవులు అప్పటికే...

మొహం బిగబట్టాను. నవ్వాను కూడా. "బాగుందమ్మా" అన్నాను.

"మాటలొద్దు ఆంటీ" అంది ఆ పిల్ల.

ఇంక నావల్ల కాలేదు. కప్పు కింద పెట్టి భోరుమన్నాను. ఎంత కోపం వచ్చిందో! నొప్పిగా ఉందని ఒక్క ముక్క అనొచ్చు కదా అక్కా, గింజ సంగతి చెప్పడానికి చేసిన ఫోన్‌లోనే అనొచ్చు కదా. ఆటో కట్టించుకుని పరిగెత్తుకొచ్చేదాన్ని.

ఆ పిల్ల నా కప్పు తీసుకుని మిగిలిందంతా తనే తాగింది, చివరి చుక్క వరకూ. తర్వాత లేచి, సంచీలో గింజ తీసుకెళ్ళి కరివేపాకు మొక్క మొదట్లో పోసింది. కళ్ళు తుడుచుకుంది. వెనక గదిలోకి వెళ్ళింది. మిషన్ షురూ అయిన చప్పుడు వినిపించింది. తనంతట తాను వేయించడం ఆ పిల్లకి అదే మొదలు.

పచ్చి గింజ వాసన వచ్చింది, తర్వాత గింజ వేగుతుంటే రొట్టె కాలుతున్నట్టు వాసన. కేక వేసే మనిషి లేదు. ఫ్యాన్ గరగరమంటూ తిరుగుతూనే ఉంది. పెద్దాయన మోకాళ్ళ మీద చేతులానించి మెల్లగా లేచారు. గోడ దగ్గరికి వెళ్ళి ఫ్యాన్ ఆపేశారు.

అందరం ఊపిరి బిగబట్టాం. రెక్కలు నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగాయి. లోపల, ఎక్కడో ఒక గింజ చిట్‌మంది.