కూర్చోమని పరిచిన బొంతలు

బొంతలు చూడడానికి రాయచూరు దాకా వెళ్తున్నానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. మన మంచం మీద లేవా అన్నారు మా ఆయన. నేను పట్టించుకోలేదు. పిలిచింది వసుంధర. కాలేజీలో నా పక్కన కూర్చున్న మనిషి, రాయచూరు పాత తెలుగు కుటుంబం పిల్ల. బళ్లో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయింది. ఇప్పుడు గంజ్ మార్కెట్ వెనకాల పాత పత్తి గోదాములో నలుగురు స్నేహితులతో కలిసి చిన్న ఆర్ట్ గ్యాలరీ నడుపుతోంది. నెలకో ప్రదర్శన. శక్తినగర్ పిల్లల నీటిరంగుల బొమ్మలు అయ్యాయి, బంగారు గని ఉద్యోగులు తీసిన ఫోటోలు అయ్యాయి. ఈసారి దేవసూగూరు నాగమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు.

ఫోనులో అసలు సంగతి చెప్పింది. ప్రతి శనివారం గ్యాలరీలో ఆడపిల్లలకు బొంత కుట్టడం నేర్పమని నాగమ్మను బతిమాలుతోందట. ఆ ఊళ్లో ఇంత సన్నని కుట్టు వేసే మనిషి ఇంకెవరూ మిగల్లేదు. దుకాణాల నిండా రగ్గులుండగా బొంతలెవరికి కావాలని ఆమె దాటేస్తోంది. చివరికి ఒక్కరోజు ప్రదర్శనకు ఒప్పుకుంది. వచ్చినవాళ్లు బొంతలకు మర్యాద చేస్తే నేర్పుతుంది, లేదంటే మూట కట్టుకుని వెళ్లిపోతుంది. "నువ్వన్నా రావే, జనం కనబడాల" అంది వసుంధర.

మహబూబ్‌నగర్‌లో ఉదయం ఆరున్నర బస్సెక్కాను. కృష్ణ దాకా ఆడవాళ్లకు ఉచితం, నది దాటితే కర్ణాటక, టికెట్ కొనాలి. ఇవతల ఇంటి ఆడపడుచుని, అవతల పరాయిదాన్ని. మక్తల్‌లో ఎక్కి నా వెనక సీట్లో కూర్చున్న పెద్దాయన ఎక్కడికమ్మా అని అడిగి, బొంతల సంగతి విని కాసేపు ఆలోచించాడు. "చూసెతందుకు పైసలు దీస్కుంటరా?" అన్నాడు. లేదన్నాను. "గట్లయితె మా ముసల్దాన్ని తోల్కపోతుంటి. ఇంట్ల పది కుట్టి పెట్టింది."

తొమ్మిదికి కృష్ణ వంతెన ఎక్కాం. బండల మధ్య నీళ్లు పాయలుగా ఉన్నాయి. ఆ తర్వాత దేవసూగూరు, వెంటనే శక్తినగర్ కరెంటు కంపెనీ పొగగొట్టాలు, ఎదురుగా కంపెనీ బస్సు. పది కావొస్తుండగా రాయచూరులో దిగి, బస్టాండు పక్కన ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకున్నాను. గంజ్ గేటు దగ్గర దిగి ఎవరినడిగినా గోదాము చూపిస్తారు.

లోపల గోడలు ఖాళీగా ఉన్నాయి. బొంతలన్నీ నేలమీదే, గోడనుంచి గోడదాకా. మేకులు కొట్టి వేలాడదీద్దామని వసుంధర అంటే, బొంతను గోడకెక్కిస్తారా ఎవరన్నా అని నాగమ్మ కోప్పడిందట. ఆమె మూలన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెల్లటి జుట్టు, రూపాయంత బొట్టు. వచ్చిన ప్రతివాళ్ల కళ్లలోకీ చూస్తోంది.

జనం బాగానే వచ్చారు. చెప్పులు బయట విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, బొంతల అంచు తొక్కకుండా పక్కపక్కగా నడుస్తూ చూశారు. నేనూ అలాగే చూశాను. ఒంటిగంటకు వసుంధర, నేను ఖానావళిలో జొన్నరొట్టె, గుత్తివంకాయ తిన్నాం. ఎంత మర్యాదగా చూస్తున్నారో చూశావా అని అది మురిసిపోయింది. నాగమ్మ మాత్రం ఆకలి లేదని రాలేదు.

తిరిగొచ్చేసరికి నాగమ్మ బొంతలు మడుస్తోంది. సగం మూటలోకి వెళ్లిపోయాయి. ఏమైందని వసుంధర అడిగింది.

"పొద్దుగాల సంది పరిసి కూసున్న. ఒక్కరన్న కూసున్నరా? మైల అంటుతదన్నట్టు తప్పుకొని పోతున్నరు. ఇంటికొచ్చినోళ్లు గిట్ల నిలబడి పోతె, మల్ల వాళ్ల గడప మేం తొక్కం."

ఆ మాటతో మాకు అర్థమైంది. వాళ్ల వైపు చుట్టానికి బొంత పరవడమంటే కూర్చోమని. కూర్చోకపోతే నీ ఇల్లు మాకు సరిపోదని చెప్పినట్టే. మేమంతా మర్యాద అనుకుంటూ పొద్దుటినుంచీ ఆమెను అవమానిస్తున్నాం. అప్పుడు నా కన్ను తలుపు పక్కకు పోయింది. పోయిన నెల ఫోటోల కోసం పెట్టిన బోర్డు అక్కడే ఉంది. దయచేసి ముట్టుకోకండి అని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. నాగమ్మకు చదువు రాదు. వసుంధర నాలుక కరుచుకుని బోర్డు తీసి బల్లకింద పడేసింది. జరిగింది విడమరిచి చెప్పింది. నాగమ్మ వింటూనే ఇంకో బొంత మడిచింది.

నాకు కోపం, మోకాళ్ల నొప్పి కలిసే వస్తాయి. పొద్దుటినుంచి నిలబడి ఉన్నాను. మిగిలిన బొంతల్లో పెద్దదాని నడిమధ్యకు వెళ్లి కాళ్లు చాపి కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కుట్లు అరచేతి కింద చీమలబారులా తగిలాయి. నాగమ్మ చెయ్యి ఆగింది.

నన్ను చూసి శక్తినగర్ క్వార్టర్స్ నుంచి వచ్చిన ఒకావిడ చంకలో పిల్లాడితో కూర్చుంది. కృష్ణా జిల్లా మనిషి. వాణ్ణి కింద దించగానే రెండుసార్లు దొర్లి, నవ్వి, బొంత తడిపేశాడు. అందరూ నాగమ్మ వైపు చూశారు.

"ఏమీ అనుకోకండి పెద్దమ్మా, ఉతికి తెచ్చిస్తానండీ," అంది ఆవిడ వాణ్ణి ఎత్తుకుంటూ.

నాగమ్మ ఆ తడి చూసింది, పిల్లాణ్ణి చూసింది. ఆరోజు మొదటిసారి నవ్వింది. "పరేషాన్ గాకు బిడ్డా. పోరడు తడపకుంటె అది బొంతెట్లయితది?"

మూట విప్పి అన్నీ మళ్లీ పరిచింది. ఆ తర్వాత వచ్చినవాళ్లెవరూ నిలబడలేదు. టీలు వచ్చాయి. కన్నడం, తెలుగు, ఉర్దూ కలగలిపి కబుర్లు సాగాయి. ఒక తాత ఏకంగా నిద్రపోయాడు. నాగమ్మ నా పక్కకు జరిగి గుడ్డలు చూపించింది. ఖాకీ ముక్క భర్త డ్యూటీ ప్యాంటుది. మధ్యలో ఉన్న ఎర్రటిది అత్తగారి చీర. నడుముకు మెత్తగా తగులుతుందని అక్కడ వేసిందట.

నాలుగున్నరకు నేను లేస్తుంటే వసుంధరతో చెప్పింది. "శనారం వస్త. పోరీలను పాత చీరెలు తెమ్మను. కొత్తయి వద్దు, మనిషి కట్టి నలిపినయి గావాలె." నావైపు తిరిగి, నువ్వూ ఒకటి తేవాలంది.

అయిదు గంటల బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నాకు మనసు నిండుగా ఉంది. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఆ గోదాములో ఏ నెల ఏం పెట్టినా, ముందు కూర్చోండి.

మా బీరువా పై అరలో అమ్మ గద్వాల చీర ఉంది. వంటింట్లో, పొలంగట్ల మీద ఆమె కట్టి నలిపిన చీర. ఆమె పోయాక నలగకూడదని మల్లుగుడ్డలో చుట్టి దాచాను. మా అమ్మాయి ఒకసారి తీస్తే కసిరాను కూడా.

కృష్ణ వంతెన మీద ఉండగా అమ్మాయికి ఫోన్ చేశాను. అమ్మమ్మ చీర తీసి గాలికి ఆరెయ్యమన్నాను.

"నేను ముట్టుకోవచ్చా?" అంది.

ముట్టుకోమన్నాను.